తాడులో ముడి

ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు యాంటీబాడీ జన్యువుల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద రంగు కాగితాలు అతికిస్తాను. యాంటీబాడీలోని హెవీ చెయిన్ కోసం మనిషిలో పనిచేసే వి జన్యు ముక్కలు సుమారు 40, డి ముక్కలు 23, జె ముక్కలు 6. ఎదుగుతున్న బి కణం ఒక్కో రకంలో ఒకటి తీసుకుని అతికిస్తుంది. కోసే కత్తెర రాగ్ ఎంజైము. నా పాఠం ఆ కత్తెరతోనే ముగిసేది.

ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, టి కణంలోనూ అదే కత్తెర ఉంది కదా, మరి అక్కడ యాంటీబాడీ జన్యువు ఎందుకు పూర్తికాదు?"

"రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ రేపటి కోసం చాలా చదవాల్సి వచ్చింది.

ఏ ప్రోటీన్‌నూ తయారుచేయని డీఎన్ఏ భాగాల్లో ఉంది జవాబు. జె ముక్కల పక్కన ఒక ఎన్‌హాన్సర్ ఉంటుంది. అది ఆ చోటును తెరిచి ఉంచితే రాగ్ వచ్చి కూర్చుంటుంది. ఎలుకల్లో దాన్ని తొలగిస్తే వి అతుకు బాగా దెబ్బతింది. కూర్చున్న రాగ్ ముక్కలను వెతుక్కుంటూ పోదు. గిలకబావిలో చేంతాడు లాగినట్టు కోహెసిన్ అనే ప్రోటీన్ డీఎన్ఏను లాగుతుంటే ముక్కలే దాని దగ్గరికొస్తాయి. వి, డి ముక్కల మధ్య ఆ తాడుకు ముడుల్లాంటి రెండు చోట్లున్నాయి. సీటీసీఎఫ్ ప్రోటీన్ అక్కడ పట్టుకుని లాగుడును ఆపుతుంది. ముందు డి, జె కలవాలి; వి వంతు ఆ తర్వాతే. అప్పుడు కూడా దూరపు వి ముక్కలు అందాలంటే తాడు చాలాసేపు లాగాలి. అందుకే బి కణంలో పాక్స్5 ప్రోటీన్, కోహెసిన్‌ను తాడు నుంచి విడిపించే వాప్ల్‌ను తగ్గిస్తుంది.

2011లో శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఆల్ట్ బృందం ఎలుకల్లో ఆ రెండు ముడులనూ చెరిపేసింది. డి, జె కలవకముందే వి వచ్చి అతుక్కుంది. అదీ దగ్గరున్న వి ముక్కలే ఎక్కువగా. థైమస్‌లోని టి కణాల్లో కూడా వి అతుకు జరిగింది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది.

దగ్గరున్నవే ఎప్పుడూ ముందుకొస్తే దూరపు ముక్కల వంతు తగ్గిపోతుంది. రేపు ఏ క్రిమి వస్తుందో తెలియని శరీరానికి ఆ దూరపు ముక్కలూ కావాలి. ఇప్పుడు క్లాసులో కాగితాలు తీయకముందే సంచిలోంచి చేంతాడు తీసి, రెండు ముడులు వేసి, ముందు బెంచీ పిల్లల చేతికిస్తున్నాను. లాగి చూడమంటాను. కత్తెర మాట ఆ తర్వాతే.