మెప్పుతో వేసిన కంచె

డిగ్రీ చదివే రోజుల్లో యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం మీద నేను రాసుకున్న నోట్సు ఈమధ్య అటక మీద పెట్టెలో దొరికింది. 14 పేజీలు. పెట్రార్క్, బొకాచియో, లియొనార్డో, మైకెలాంజెలో, రాఫెల్, మాకియవెల్లి, ఎరాస్మస్... పేర్ల కింద ఎర్రసిరా గీతలు. మొత్తం పాఠంలో ఒకే ఒక్క స్త్రీ ఉంది. మోనాలిసా! ఆమె కూడా ఏమీ చేయలేదు, కూర్చుంది అంతే. ఫ్లారెన్స్ పట్టు వ్యాపారి భార్య లీసా కదలకుండా కూర్చుంటే ఒక మహానుభావుడు బొమ్మ వేశాడు. ఆ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి.

మన పాఠాల్లోని ఈ పునరుజ్జీవనం చాలావరకు స్విస్ చరిత్రకారుడు యాకోబ్ బర్క్‌హార్ట్ 1860లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆనాటి ఇటలీలో స్త్రీలు పురుషులతో పూర్తి సమానంగా నిలిచారని ఆయన ధీమాగా రాసేశాడు. 1977లో అమెరికన్ స్త్రీవాద చరిత్రకారిణి జోన్ కెల్లీ, అసలు స్త్రీలకు పునరుజ్జీవనం ఉండిందా అని అడిగి, లేదు, కనీసం ఆ కాలంలో లేదు అని జవాబు చెప్పింది. మగవాళ్లకు దారులు తెరుచుకున్న కాలమే స్త్రీలకు దారులు మూసుకుపోయిన కాలమని చూపించింది. ఎవరి స్వర్ణయుగం అని అడగడం ఆ వ్యాసంతోనే మనలో చాలామందికి అలవాటయింది.

అయినా నాకిప్పుడు ఆ 'లేదు' చాలదనిపిస్తోంది. చదువుకున్న స్త్రీలు ఉన్నారు. లాటిన్‌లో ఉత్తరాలు, ఉపన్యాసాలు, సంవాదాలు రాశారు. వాళ్లను అప్పట్లో ఎవరూ దాచిపెట్టలేదు. పైగా తెగ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఏం చేసిందో చూడాలి.

వెరోనా నగరంలో ఇసోట్టా నొగరోలా (1418-1466) కథ తీసుకుందాం. భర్త పోయాక తల్లి బియాంకా బొరోమియో కూతుళ్లకు గురువును పెట్టి మరీ చదివించింది. ఇసోట్టా, ఆమె అక్క జినెవ్రా ఇద్దరూ లాటిన్‌లో దిట్టలయ్యారు. 1438లో జినెవ్రాకు పెళ్లయింది. ఆమె కలం అక్కడితో ఆగిపోయింది. ఇసోట్టా పెళ్లి చేసుకోలేదు, రాస్తూనే ఉంది. ఆ కాలపు మహాపండితుడు గ్వారినో తమను మెచ్చుకున్నాడని విని ఆయనకు ఉత్తరం రాసింది. జవాబు లేదు. ఊరంతా నవ్వింది, ఆడవాళ్లతో సహా. అవమానం దిగమింగుకుని మళ్లీ రాసింది, మీ మౌనం వల్ల నేను నలుగురిలో నవ్వులపాలయ్యానని. అప్పుడు గ్వారినో కరుణించాడు. ఏమని? బేలతనం వదిలెయ్యి, నీలోని స్త్రీలో ఒక పురుషుణ్ణి తయారు చేసుకో అని!

ఆ మాట ఆయన దృష్టిలో గొప్ప ఆశీర్వాదం. బర్క్‌హార్ట్ కూడా ఆ కాలపు గొప్ప స్త్రీలకు దక్కిన అత్యున్నత ప్రశంస మగవాళ్ల బుద్ధి, మగవాళ్ల ధైర్యం ఉన్నాయనడమేనని మురిసిపోతూ చెప్తాడు. ఆ వాక్యం ఆయన సమానత్వ సిద్ధాంతాన్ని ఎలా కూలదోస్తోందో ఆయనకు తట్టనే లేదు. ఒక సాహిత్య సభలో నా వ్యాసం విని ఒక పెద్దాయన "అమ్మా, ఆడవాళ్లు రాసినట్టే లేదు" అని చేతులు జోడించారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో ఇప్పటికీ నాకు చిరాకే.

ఇసోట్టాకు అంతటితో అయిపోలేదు. ఒక అజ్ఞాత రచయిత ఆమెకు సొంత సోదరుడితోనే సంబంధం అంటగట్టాడు. నోరున్న స్త్రీకి శీలం ఉండదన్నది అతని తర్కం. ఈ తర్కం మనకు కొత్తా! 1441 నాటికి ఆమె పండిత లోకాన్ని వదిలి వెరోనాలో, పుస్తకాలూ ప్రార్థనల మధ్య, ఇంటికే పరిమితమయింది. పదేళ్ల తర్వాత, 1451లో, వెనిస్ తరపున ఆ నగరాన్ని పాలించిన ఫోస్కరీనితో ఆమె చేసిన సంవాదం నా దృష్టిలో ఆ శతాబ్దపు అత్యంత విషాదకరమైన రచన. ఎక్కువ పాపం ఎవరిది, ఆదాముదా ఈవుదా అన్నది చర్చ. ఇసోట్టా ఈవు పక్షం. దేవుడి ఆజ్ఞ అందింది ఆదాముకు కదా అంటుంది. అంతవరకు బాగుంది. కానీ ఈవును విడిపించడానికి ఆమె చేతిలో ఉన్న బలమైన వాదన ఏమిటంటే స్త్రీ బలహీనురాలు, అజ్ఞాని కాబట్టి ఆమె తప్పు చిన్నదని. వెరోనాలోకెల్లా విదుషి, స్త్రీకి జ్ఞానం తక్కువని నిరూపించి గెలవాలి! ఆమెకు చేతకాక కాదు, తర్కం వాళ్లదైతే గెలుపు కూడా వాళ్ల షరతుల మీదే దొరుకుతుంది.

చదువుకు ముందే హద్దు గీసి ఉంది. ఫ్లారెన్స్ పండితుడు లియొనార్డో బ్రూని 1420లలో బాతిస్తా మలతెస్తా అనే రాజవంశ స్త్రీకి ఏమేం చదవాలో ఉత్తరంలో వివరించాడు. కావ్యాలు, చరిత్ర, మతగ్రంథాలు సరే. సభలో వాదించే వక్తృత్వ విద్య మాత్రం వద్దన్నాడు. ఆ రోజుల్లో ఈ చదువుల పరమార్థమే సభలో మాట్లాడటం, ఉద్యోగం, రాయబారం. అది తీసేస్తే మిగిలేది నగ.

దీన్ని సూటిగా పట్టుకున్నది బ్రెషా నగరపు లారా చెరెటా (1469-1499). 15 ఏళ్లకు పెళ్లి, ఏడాదిన్నర తిరక్కుండానే ప్లేగుతో భర్త మరణం. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక దొరికే రాత్రి వేళల్ని తన చదువుకీ కుట్టుపనికీ పంచుకుంది. తను కుట్టిన శాలువా మీది బొమ్మల్ని కూడా లాటిన్ ఉత్తరంలో వర్ణించింది. పండితులు రాయడానికి తగదనుకునే సూది పనికి ఆ భాషలో చోటు ఇచ్చింది, నాకు ఆమె అందుకే ఎక్కువ ఇష్టం. ఆ ఉత్తరాలు తండ్రే రాసిస్తున్నాడని కొందరన్నారు. మరికొందరు, ఆహా ఆడదానికి ఇంత తెలివా అన్నారు. ఆమె 1488లో బిబొలో సెంప్రోని అనే వ్యక్తికి (బహుశా కల్పిత పేరే) రాసిన ఉత్తరంలో ఆ రెండో రకం వాళ్లను పట్టుకుంది. నన్నొక్కదాన్నే వింతగా పొగుడుతున్నారంటే నా జాతిని మొత్తం తిడుతున్నారన్నమాట అని ఆమె వాదన సారాంశం. విద్య వరం కాదు, కష్టపడితే వచ్చేది, ఎవరు కోరుకుంటే వాళ్లది అంది. సాఫో నుంచి నొగరోలా వరకు విదుషుల వరస చెప్పి తను వింత కాదని చూపింది. ఇసోట్టా గెలవడానికి వదులుకున్నదాన్ని లారా వదులుకోలేదు. అదే ఏడు తండ్రి పోయాడు. ఆ తర్వాత ఆమె రాసినదేదీ మనకు మిగలలేదు. ఉత్తరాలు అచ్చయింది 1640లో.

చదువు ఆల్ప్స్ దాటి వ్యాపించిందని గొప్పగా చెప్పుకుంటాం. దానితోపాటు కంచె కూడా వ్యాపించింది. ఇంగ్లండ్‌లో థామస్ మోర్ కూతురు మార్గరెట్ రోపర్ 1524 నాటికి ఎరాస్మస్ రచనను ఇంగ్లీషు చేసింది. పుస్తకం మొదటి పేజీలో పేరు లేదు. సుగుణవతి, విద్యావంతురాలు అయిన 19 ఏళ్ల యువతి అని మాత్రం ఉంది.

'పునరుజ్జీవనం' అన్న మాటను మనం 19వ శతాబ్దపు ఆంధ్రకూ వాడుకుంటున్నాం కాబట్టి ఒక ముక్క. ఆ ఉద్యమానికి పెద్దదిక్కయిన వీరేశలింగమే ముద్దుపళని కావ్యాన్ని అసభ్యమని ఈసడించారు. 1910లో దాన్ని అచ్చు వేసింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ పుస్తకం మీది నిషేధం 1947 దాకా పోలేదు. ఈ తెలుగు కథ వేరే వ్యాసం.

లారా, ఇసోట్టా ఉత్తరాలు ఇంగ్లీషులో పూర్తి పుస్తకాలుగా వచ్చింది 1997, 2004లలో, చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన వరసలో. మధ్యలో 2000లో వెనిస్ విదుషి కసాండ్రా ఫెదేలే (1465-1558) పుస్తకం వచ్చింది. 1487లో పదువా విశ్వవిద్యాలయంలో బంధువు పట్టా పుచ్చుకుంటుంటే ఆమె లాటిన్‌లో ఉపన్యసించింది. ఉపన్యాసం ఆమెది, పట్టా అతనిది. అక్కడ ఒక స్త్రీకి డాక్టరేటు దక్కడానికి 1678 దాకా, ఎలెనా పిస్కోపియా దాకా ఆగాలి. కసాండ్రా ఉపన్యాసం మోడెనా, వెనిస్, న్యూరెంబర్గ్‌లలో అచ్చయి పేరు మోగింది. ఆ తర్వాత పెళ్లి, వైధవ్యం, దరిద్రం. 1521లో పోప్‌కు అర్జీ పెట్టుకుంటే జవాబు లేదు. 1547లో మరో పోప్ చొరవతో ఒక అనాథాశ్రమం చూసుకునే పని దొరికింది. 1556లో పోలండ్ రాణి బోనా స్ఫోర్జా వెనిస్ వస్తే స్వాగత ప్రసంగం ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. 90 దాటిన కసాండ్రాను పిలిపించారు.