పచ్చికనుండి మళ్లించు కాపరి

తొలకరి జల్లులు పడిన కొలది దినములకే ఉట్నూరు పరిసరముల మెట్టలన్నియు లేతపచ్చికతో నిండిపోవును. వేసవియంతయు ఎండుగడ్డియు తుమ్మకాయలును తిని కృశించిన జీవాలు ఆ పచ్చదనమును చూడగానే తల యెత్తక మేయగోరును. అనుభవశాలియైన కాపరి వానిని అచ్చట విడువడు. మంచు ఆరువరకు దొడ్డిలోనే నిలిపి, కొంత ఎండుమేత వేసి, పిదప కొద్దిసేపు మాత్రమే లేతగడ్డిపై త్రిప్పి, మరల గట్టుమీదికి మళ్లించును. ఏలయన ఆ లేతగడ్డిని ఒక్కుమ్మడి మేసిన గొఱ్ఱెకు చిటుక రోగము వచ్చును. సాయంకాలము ఆరోగ్యముగా నున్న జీవము తెల్లవారునప్పటికి కాళ్లు కొట్టుకొని ప్రాణము విడుచును. మందలో బలిసినదే తరచు ముందుగా పోవును. వర్షములకు పూర్వమే పశువైద్యులు దీనికి టీకా వేయుదురు గాని, మేపును మళ్లించు పని మాత్రము కాపరిదే.

దేవుని కాపరిగా నమ్ముట యనగా నేమో తెలిసికొనగోరువారు ఈ సంగతిని కొంతసేపు తలపోయవలయును. క్రైస్తవ కుటుంబములలో ‘ప్రభువు నడిపింపు’ అనునది నిత్యము వినవచ్చు మాట. ఉద్యోగము దొరికినను, పిల్లకు సంబంధము కుదిరినను నడిపింపే యందురు. అడిగినది దొరకక, ఎదుటనున్న త్రోవ మూసికొనిపోయినపుడు మాత్రము ఆ మాట నోట రాదు. మళ్లించుటయు నడిపించుటయే యని ఒప్పుకొనుట ఈ విశ్వాసమునకు ప్రాణమని నా నిశ్చయము.

ఆరు వచనములే గల 23వ కీర్తనను తెలుగు సంఘములలో సండేస్కూలు పిల్లలు కంఠస్థము చేయుదురు, రోగి మంచము ప్రక్కన పెద్దలు చదువుదురు, సమాధి యొద్ద సంఘమంతయు ఏకకంఠమున పలుకును. దానిని దావీదు రచించెనని పరంపరగా చెప్పుదురు. అతడు బేత్లెహేములో తండ్రి మందను మేపినవాడు. అతనికి బహుపూర్వుడైన యాకోబు, మామ మందను ఎండకు చలికి ఓర్చి కాచినవాడు, తన కడపటి దినములలో మనుమలను దీవించుచు, పుట్టినది మొదలు తన్ను మేపినవాడు దేవుడేయని చెప్పుకొనెను. రోములోని భూగర్భ సమాధులలో మూడవ శతాబ్దపు విశ్వాసులు చిత్రించుకొనినదియు గొఱ్ఱెను భుజములపై మోయుచున్న కాపరినే.

ఆ కీర్తనలో ఒక విశేషము గలదు. పచ్చికబయళ్లును, నెమ్మదిగల నీళ్లును వర్ణించునంతవరకు కవి దేవునిగూర్చి మాటలాడుచుండును. చీకటి లోయలో అడుగిడినంతనే దేవునితో మాటలాడసాగును. ఉట్నూరునుండి జన్నారము పోవు దారిలో, 2012లో పులుల సంరక్షణకై ప్రకటింపబడిన కవ్వాల అడవిని ఎరిగినవారికి ఈ మార్పు వివరింప నక్కఱలేదు. అట్టి తావులందు ప్రొద్దు గ్రుంకినచో కాపరి అదలింపు ఆపడు; ఆ గొంతు వినబడుచున్నంతసేపు మంద చెదరదు. పత్తి చేను వానకు కుళ్లి అప్పు మిగిలిన యేట, విశ్వాసియైన రైతు చేయు ప్రార్థన సిద్ధాంతవాక్యముగా నుండదు. ‘నీవెక్కడ ఉన్నావు తండ్రీ’ యని సూటిగా అడుగును. ఆ ప్రశ్నను అవిశ్వాసమని గద్దించువారు ఆ కీర్తనను సరిగా చదువలేదు.

అయితే ఆ గొంతును గుర్తుపట్టుట ఒక్కనాట అలవడునది కాదు. గొఱ్ఱెపిల్ల దినదినము వినుటచేతనే కాపరి పిలుపును ఇతరుల పిలుపునుండి వేఱుపఱచి ఎఱుగును. ఇందుకై మన పెద్దలు ఏర్పఱచిన సాధనములు నిరాడంబరమైనవి: దీపము పెట్టిన వేళ కుటుంబ ప్రార్థన, గ్రంథమును వరుస తప్పక చదువుట, కీర్తనలను రాగతాళములతో పాడి నోటికి తెచ్చుకొనుట. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు భక్తులు ఆ పాటలను మన బాణీలలో కట్టుటచేత అక్షరము రాని అవ్వ సయితము వేదాంతమును కంఠమున నిలుపుకొనగలిగెను. ఇక పెండ్లి, వలస, భూమి అమ్మకము వంటి పెద్ద నిర్ణయము వచ్చినప్పుడు ఉపవాసముండి, ఇంటికూడికలో పెద్దలయెదుట దానిని విప్పిచెప్పి, వారి ఎదురుమాటను కూడ వినుట కలదు. ఈ కడపటి అలవాటు సన్నగిల్లుచుండుట విచారకరము. ఒంటరిగా తనకు తోచినదెల్ల దైవవాక్కని నమ్మువాడు తన కోరికనే కాపరిగా చేసికొనును.

సంఘమును నడుపువారికిని ‘కాపరి’ యనియే పేరు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య మొదలుకొని, 1999లో ఏర్పడిన ఆదిలాబాదు మేత్రాసనపు పీఠాధిపతులవరకు ఆ పదవికి చిహ్నము వంకీ తిరిగిన కాపరికఱ్ఱయే. ఆ కఱ్ఱ అధికారమునకు ముందు బాధ్యతను చాటును. మందను మేపక మందచేత తాము మేయబడు కాపరులను యెహెజ్కేలు ప్రవక్త 34వ అధ్యాయమున ఎంత కఠినముగా నిలదీసెనో చదివినవారు, నడిపింపు పేర భయపెట్టి కానుకలు గుంజువానికి లోబడుట విశ్వాసము కాదని గ్రహింపగలరు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు చీటి తీసికొనుట మన సంఘములందు ప్రియమైన ఆచారము. దానిని నేను త్రోసివేయను. ఏడాదియంతయు ఒక్క వచనమును ధ్యానించుట మేలే. కాని ఆ చీటిని శకునముగా చూచి, ఇల్లు కట్టవచ్చునా, దూరదేశము పోవచ్చునా యని దానినుండి జవాబు లాగుట తగదు. ఈ యేట చీటి తీయు సోదరీసోదరులు ఆ వచనమున్న అధ్యాయమంతయు ఇంటిల్లిపాదితో కూర్చుండి మొదటినుండి చదువవలెనని కోరుచున్నాను.