ఇ-మెయిలులో తెగిన లింకులు: చికిత్సల గుణదోష విచారణ

ఇ-మెయిలులో వచ్చిన లింకును నొక్కగా, అట్టి పుట లేదను జవాబు వచ్చుట అందరికిని అనుభవమే. ఇందుకు రెండు కారణము లుండవచ్చును. ఆ పుటయే తొలగింపబడి యుండవచ్చును. లేదా పుట యథాస్థానమున నుండగా దాని చిరునామా మెయిలులో తెగిపోయి యుండవచ్చును. మొదటిదానికి మెయిలు బాధ్యత లేదు. ఇచ్చట విచారింపదగినది రెండవది. దీనికి 1990ల నుండి పెక్కు చికిత్సలు వచ్చినవి. కొన్ని రోగమును కుదిర్చినవి. కొన్ని ఒక రోగమును మాన్పి మరియొక దానిని తెచ్చిపెట్టినవి. వీని విలువ కట్టుటకు ఒక్క గీటురాయి చాలును: చిరునామా చెక్కు చెదరక చదువరిని చేరుచున్నదా? అది ఎచ్చటికి కొనిపోవునో అతనికి కనబడుచున్నదా?

రోగ మూలము

1928లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన రంధ్రపు కార్డులో 80 నిలువు వరుస లుండెను. తరువాత వచ్చిన కంప్యూటరు తెరలు పెక్కు ఈ కొలతనే నిలుపుకొన్నవి. మెయిలు నియమములలోను దాని జాడ కలదు. 2008 నాటి ఆర్.ఎఫ్.సి. 5322 ప్రకారము ఒక పంక్తి 998 అక్షరములను దాటనే రాదు. 78 దాటకుండుట మేలు. వాక్యమునకు ఈ నియమముతో చిక్కు లేదు. పదముల నడుమ ఖాళీలుండును గనుక, ఎచ్చట తెంచినను అర్థము చెడదు. చిరునామాలో ఖాళీ యుండదు. మెయిలు పంపు సాఫ్టువేరు మొరటుదైనచో దానిని నడుమనే తెంచును. అందుకొను సాఫ్టువేరు పంక్తి ముగిసినచోటనే చిరునామాయు ముగిసినదని తలచి, మొదటి తునకను మాత్రమే లింకుగా మార్చును. రెండవ తునక క్రింది పంక్తిలో వట్టి అక్షరములుగా మిగిలిపోవును.

ఈ బాధ తెలుగు చిరునామాలకు మరింత యెక్కువ. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ లెక్క చేయింపవచ్చును. ‘తెలుగు’ అను మాటలో కంప్యూటరు దృష్టిలో ఆరు గుర్తులున్నవి: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు 3 బైట్లు పట్టును. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతోను, దాని ప్రక్క రెండు అంకెలతోనో అక్షరములతోనో, అనగా 3 గుర్తులతో వ్రాయుదురు. కావున 6 × 3 × 3 = 54. తెలుగు వికీపీడియాలో వ్యాసపు పేరునకు ముందుండు చిరునామా భాగము 30 అక్షరములు. మొత్తము 84, అనగా ‘తెలుగు’ అను ఒక్క మాటతోనే 78 హద్దు దాటినది. అదే మాట ఆంగ్ల లిపిలోనున్నచో 54కు బదులు 6 గుర్తులే చాలును.

మంచి చికిత్సలు

అన్నిటికంటె చౌకయైనది కోణపు కుండలీకరణము. చిరునామాను < > అను గుర్తుల నడుమ నుంచవలెనని 1994 డిసెంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1738 సూచించినది. టిమ్ బెర్నర్స్-లీ, రాయ్ ఫీల్డింగ్, లారీ మాసింటర్ వ్రాసిన 2005 నాటి ఆర్.ఎఫ్.సి. 3986 అనుబంధమొకటి దీనిని సమర్థించినది. గుర్తుల నడుమ పంక్తి తెగినను, ఆ ఖాళీని విడిచి తునకలను కలిపి చదువవలెను. తెగినచోట అదనముగా అడ్డగీత చేర్చరాదు. అట్లు చేర్చినచో అది చిరునామాలోనిదో, తెంచినవారు పెట్టినదో తెలియదు. ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. కుండలీకరణమును చూచియు తునకలను కలుపని సాఫ్టువేరులు కలవు. అయినను చిరునామా మొదలు, తుది చదువరికి కనబడుచుండును గనుక చేతితోనైనను కలుపుకొనవచ్చును. వాక్యాంతపు చుక్క చిరునామాకు అంటుకొను ప్రమాదమును తప్పును.

రెండవది మైమ్ పద్ధతిలోని ఒక సంకేతనము. ఇందు పంక్తి 76 గుర్తులను దాటదు. తెంచినచోట ‘=’ గుర్తు నుంతురు; అందుకొను యంత్రము దానిని తొలగించి తునకలను యథాతథముగా అతుకును. లెక్క ప్రకారము ఇది నిర్దుష్టము. కాని చిరునామాలో సహజముగా నుండు ‘=’ గుర్తు ‘=3డి’ అను మూడు గుర్తులుగా మారి ప్రయాణము చేయును. ఎచ్చటనైనను విప్పుట మరచినచో చిరునామా కొత్త విధముగా చెడును.

మూడవది 1999లో వచ్చి 2004లో ఆర్.ఎఫ్.సి. 3676గా సవరింపబడిన ‘ప్రవాహ పాఠము’. పంక్తి చివర ఒక ఖాళీ యున్నచో ఆ పంక్తిని క్రిందిదానితో కలుపుకొనవచ్చునని దీని సంకేతము. ఒక్క పదమే 78 అక్షరములను మించినచో దానిని విరువనక్కరలేదని ఇందు మినహాయింపు కలదు. లింకునకు కావలసినది సరిగా ఇదియే. అయితే పంపువారును, అందుకొనువారును ఇరువురును ఈ ఒప్పందమును పాటించినగాని ఫలితము పూర్తిగా దక్కదు.

రోగము మార్చిన చికిత్సలు

2002లో టైనీ-యు.ఆర్.ఎల్. సేవ వచ్చినది. పొడుగు చిరునామాను పొట్టిది చేసినచో పంక్తి హద్దు దాటదు, తెగదు. ఇంతవరకు బాగున్నది. కాని పొట్టి చిరునామా ఎచ్చటికి కొనిపోవునో చూచి చెప్పలేము. పైగా దాని ఆయుస్సు నడుమనున్న సంస్థ చేతిలో నుండును. గూగుల్ 2009లో ఆరంభించిన ఇట్టి సేవ 2019లో కొత్త సంక్షేపములు చేయుట మానినది. 2025లో చాలకాలము వాడుకలో లేనివానిని మూసివేయ నిర్ణయించినది. అసలు పుట నిక్షేపముగా నున్నను, దారి మూసుకొనిపోవును. మెయిలులో తెగకుండ కాపాడబోయి, ఎన్నటికిని అతుకరాని తెగుడును తెచ్చుకొనుటయే ఇది.

హెచ్.టి.ఎం.ఎల్. మెయిలు మరియొక మార్గము. ఇందు పైకి కనబడు మాట వేరు, లోన దాగిన చిరునామా వేరు. తెగుట చాలవరకు తగ్గినది. ఆ మేలును కాదనరాదు. కాని పైన బ్యాంకు చిరునామా చూపి, లోన తమ చిరునామా నుంచు మోసగాండ్రకును ఈ ఏర్పాటే ఆధారము.

ఫలితార్థము

గీటురాయిపై గీచి చూడగా, పొట్టి చేయుటయు, దాచుటయు తెగుటను ఆపినవి గాని, చూచి తెలిసికొను హక్కును చదువరికి లేకుండ చేసినవి. హద్దు చూపుట, తునకలను తప్పక అతుకుట అను రెండును రోగ మూలమునే పట్టినవి. 1994లోనే తెలిసిన సులభోపాయమును సాఫ్టువేరు నిర్మాతలందరును శ్రద్ధతో అమలుపరచి యుండినచో, తరువాతి చికిత్సలలో కొన్ని అవసరమే కాకపోయెడివి. పంపువారి చేతిలో ఇప్పటికిని రెండు పనులున్నవి: చిరునామాను ప్రత్యేక పంక్తిలో కోణపు కుండలీకరణమున నుంచుట, అది ఏ పుటదో ఒక వాక్యములో చెప్పుట. ఇట్లు చేసినచో చిరునామా ఎచ్చట తెగినను అతుకుకొనవచ్చును. అతుకరానంతగా చెడినను, పుట పేరును బట్టి వెదకికొనవచ్చును.