జేబులో దాగిన అల్లెతాడు

మావాడు పదో తరగతికి వచ్చాక వాడి లెక్కలు నా మెడకు చుట్టుకున్నాయి. అల్ అజీజియాలో మా పక్కింటి అరబ్బుల అబ్బాయిదీ అదే తరగతి. ఒక సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నారు. మావాడి పుస్తకంలో ‘సైన్’ అన్నచోట ఆ అబ్బాయి పుస్తకంలో ‘జా’ అని ఉంది. అది ‘జైబ్’కు పొడిమాటట. జైబ్ అంటే జేబు.

నేను ఊరుకోలేదు. “అది మా ‘జ్య’యే! అరబ్బులు పాడుచేస్తే, లాటిన్ వాళ్ళు మరింత పాడుచేశారు” అని ఇంగ్లీషులోనే అనేశాను. మనం ఎన్నో వ్యాసాల్లో చదివే కథే. ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి ఆ కథను మళ్ళీ మొదటినుంచీ పరీక్షించాను. జ్య అంటే అల్లెతాడు. వృత్తంలో చాపం విల్లయితే, దాని కొనలు కలిపే గీత నారి. టాలెమీ ఈ పూర్తి జ్యలతోనే పట్టిక కట్టాడు. సగం జ్య అయితే లెక్క సులువని మనవాళ్ళు గ్రహించారు. ఆర్యభటుడు 3438 వ్యాసార్ధం మీద 24 అర్ధజ్యలకు లెక్క ఇచ్చాడు. మొదటిది 225. అయితే పలకడానికి పొడవని ‘అర్ధ’ను వదిలేసి, సగాన్ని కూడా ‘జ్య’ అన్నదీ మనవాళ్ళే!

జ్యకు మరో పేరు జీవ. 8వ శతాబ్దంలో మన ఖగోళశాస్త్రం బాగ్దాదు చేరినప్పుడు అది ‘జీబ’ అయింది. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చులు కనిపించవు. ఆ అక్షరాలనే తర్వాతివాళ్ళు తమకు తెలిసిన ‘జైబ్’గా చదివారు. అంటే అంగీ మెడ దగ్గరి తెరపి, మడత. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు దానికి ‘సైనస్’ అన్నారు. మడత, ఒంపు అని అర్థం. తమ ముందున్న మాటకు అది సరైన అనువాదమే.

ఈ కథ చెప్పేవాళ్ళతో నా పేచీ ఇక్కడే. చదవడంలో జరిగిన పొరపాటును చూసి నవ్వుతారు కానీ, 10వ శతాబ్దంలో బాగ్దాదులో అబుల్ వఫా ఎంతో సూక్ష్మమైన జ్యాపట్టికలు కట్టిన సంగతి చెప్పరు. మాట మాత్రమే మోసుకెళ్ళినవాళ్ళు కారు వాళ్ళు, లెక్కను పెంచినవాళ్ళు. పైగా మన జీవ ఏ మాట చాటున దాగిందో, ఆ మాటే ఉర్దూ మీదుగా వచ్చి మన చొక్కాకు జేబయింది.

మర్నాడు ఆ అబ్బాయిని పిలిచి, “మొదట సగం పోగొట్టింది మేమేనయ్యా” అన్నాను. వాడు నవ్వాడు. మావాడు మాత్రం, “మరి నిన్న అలా ఎందుకన్నావు నాన్నా?” అని అడిగాడు.

సగమే చదివి చెప్పాను మరి.