నీళ్ల లెక్కలో ధర గడి

పాఖాల చెరువు కింద మొదలయ్యే మున్నేరు, ఖమ్మం వైపు వెళ్లి దాన్ని కలిసే ఆకేరు. వరంగల్ జిల్లా నెక్కొండ చుట్టుపక్కల కురిసిన వాన ఈ వాగుల దారినే కృష్ణకు చేరుతుంది. నీటి నమూనా కట్టేవాళ్లం ఇక్కడే మొదలుపెడతాం: ఎంత కురిసింది, ఎంత ఇంకింది, చెరువులో ఎంత నిలిచింది. ఈ పని నాకు ప్రాణం. అయినా అది సగం లెక్కే.

యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టామనుకోండి. ఎకరానికి 48 లక్షల లీటర్లు దాటుతుంది. మక్కకు 500 చాలితే 20 లక్షలు. కాగితం మీద మక్కే గెలుస్తుంది. రైతు మాత్రం ముందు కొనేవాడెవరని చూస్తాడు. వడ్లకు మద్దతు ధర, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంటాయి. మక్కకు ఆ భరోసా ఏటా దొరకదు. పైగా తెలంగాణలో 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. మోటరు ఇంకో గంట నడిచినా జేబుకు చిల్లు పడదు.

2021-22 యాసంగి గుర్తుందా? ఉప్పుడు బియ్యం తీసుకోనని కేంద్రం అనడంతో, వరి వేయొద్దని రాష్ట్రం చెప్పింది. నీళ్లున్నా వరి సాగు తగ్గింది. తీరా 2022 ఏప్రిల్‌లో రాష్ట్రం తానే కొంటానంది. వరి మానుకున్నవాళ్ల సంగతేమిటి? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అలాగని ధర సరిచేస్తే చాలు, నీళ్లు మిగులుతాయనేవాళ్ల లెక్కా పూర్తి కాదు. మడికి పెట్టిన నీరంతా ఆవిరైపోదు. కొంత ఇంకి పక్క బావిలో తేలుతుంది. వరి మానితే 28 లక్షల లీటర్లూ మిగిలాయనడం తప్పు. ఒకరి పొలంలో పొదుపు, దిగువ బావికి లోటు కావచ్చు. అందుకే రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో ఉండాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో ఈ దిశగా ఒక గొప్ప పని జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసి బోర్డు మీద రాసుకున్నారు. పంట మార్చమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గింది.

నెక్కొండకూ అలాంటి బోర్డు కావాలి. నీళ్ల గడి పక్కన ఇంకో గడి ఉండాలి: మక్క ఏ ధరకు, ఎన్ని క్వింటాళ్లు కొంటారో విత్తనం పడకముందే అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేసి, రైతును వరి మానుకోమని ఏ ముఖంతో అడుగుతాం?