గుమ్మం దగ్గర పరీక్ష

వలస నిబంధనల చరిత్ర మీద వచ్చిన పుస్తకంతో సాహిత్య విమర్శకురాలికి ఏం పని అని మిత్రురాలొకరు అడిగారు. ఇవాన్ స్మిత్, మారినెల్లా మార్మో రాసిన ‘రేస్, జెండర్ అండ్ ద బాడీ ఇన్ బ్రిటిష్ ఇమిగ్రేషన్ కంట్రోల్’ (2014) నాకు మాత్రం పాత్రచిత్రణ గురించిన పుస్తకంలాగే అనిపించింది. ‘భారతీయ వధువు’ అనే పాత్రను ఒక ప్రభుత్వ శాఖ కల్పించుకుంది. ఎదురుగా నిలబడిన మనిషి ఆ పాత్రకు సరిపోతుందో లేదోనని ఆమె శరీరంలో వెతికింది.

1979 జనవరిలో 35 ఏళ్ల భారతీయ ఉపాధ్యాయిని ఒకామె పెళ్లి చేసుకోవడానికి లండన్ వెళ్లింది. మూడు నెలల్లోగా పెళ్లాడబోయే స్త్రీకి అప్పటి నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేదు. భార్యగా వెళ్లాలంటే మాత్రం అది తప్పనిసరి, దానికోసం మన దేశంలో చాలాకాలం ఎదురుచూడాలి. ఈమెకి ఇదివరకే పెళ్లయి ఉంటుందని, ఆ ఎదురుచూపు తప్పించుకోవడానికే కాబోయే వధువునంటోందని హీత్రూ అధికారులకు అనుమానం వచ్చింది. మగ డాక్టరు చేత ఆమె కన్యో కాదో పరీక్ష చేయించారు. ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. గొడవ రేగి ఆ నెలలోనే పరీక్షలు ఆపేశారు. ఢిల్లీ, బొంబాయిలలోని బ్రిటిష్ కార్యాలయాలతో కలిపి కనీసం 80 మంది స్త్రీలకు ఇలాంటి పరీక్షలు జరిగాయని ఈ పరిశోధకులు ప్రభుత్వ ఫైళ్లు తిరగేసి తేల్చారు. అప్పట్లో ప్రభుత్వం ఒప్పుకున్నదానికంటే ఇది చాలా ఎక్కువ.

అధికారుల తర్కం చూడండి. పెళ్లికాని భారతీయ స్త్రీ కన్యగానే ఉంటుంది, కన్య కాదంటే పెళ్లయినట్టే. దీన్ని వలసపాలన నాటి జాత్యహంకారపు ముద్రగా రచయితలు వివరిస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఈ వాక్యాన్ని మా అమ్మమ్మ కూడా ఇదే ధీమాతో అనగలదు. అగ్నిప్రవేశం కథ వింటూ పెరిగినవాళ్లం, ఓల్గా ‘విముక్త’ చదివినవాళ్లం, హీత్రూ గదిని చూసి మరీ ఆశ్చర్యపోలేం. మన పెద్దలూ ఆ అధికారులూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే మాట మీద నిలబడ్డారు. ‘మన ఆడవాళ్ల గౌరవానికి భంగం’ అనే నిరసన నాకు చాలదనిపించేది అందుకే. ఆమె కన్య కాకపోయి ఉంటే గౌరవం మాటేమిటి? అవాజ్, ఓవాడ్ సంస్థల ఆసియా, నల్లజాతి స్త్రీలు హీత్రూలోనే నిరసనకు దిగి అసలు వలస చట్టాలనే నిలదీశారు. ఆ ఘట్టం గురించి ఎంత చదివినా నాకు తనివి తీరదు.

ఇంతకీ ‘కన్యాత్వ పరీక్ష’ అని మనం రాస్తున్న మాటలోనే తిరకాసు ఉంది. దానికి శాస్త్రీయమైన ఆధారమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు 2018లో ప్రకటించాయి. అత్యాచార కేసుల్లో రెండు వేళ్ల పరీక్షను మన సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది. 2022లో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చింది.

పుస్తకంలో నాకు వెలితి అనిపించింది గొంతుల విషయంలో. ఫైళ్లు రాసింది అధికారులు కాబట్టి వినిపించేదీ వాళ్లే. ఆ ఉపాధ్యాయిని పరీక్షకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది, పెట్టకపోతే తిప్పి పంపేస్తారన్న భయంతో. ఫైలులో సంతకం మిగులుతుంది, భయం మిగలదు. మిగిలిన స్త్రీలు ఇళ్లకు వెళ్లి ఎవరితో ఏం చెప్పుకున్నారో ఏ ఫైలూ చెప్పదు. బహుశా ఏమీ చెప్పుకుని ఉండరు. ఆ మౌనం మీద కథ రాయవలసింది మనమే కదా!

ఇప్పుడు ఒళ్లు ముట్టుకోరు, ఆల్బమ్ తెమ్మంటారు. డిపెండెంట్ వీసా ఇంటర్వ్యూకి పెళ్లి ఫొటోలు పట్టుకెళ్లడం మన ఇళ్లలో మామూలైపోయింది. తాళి కట్టేది, తలంబ్రాలు పోసేది, రెండువైపుల పెద్దలూ ఉన్నది. రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకుని, కులం కాదని ఇంట్లోవాళ్లు రాకపోయినా దిగులుపడకుండా కాపురం పెట్టిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి దగ్గర అలాంటివేవీ లేవు. సర్టిఫికెట్ చాలదా అని కన్సల్టెంట్‌ని అడిగితే, “ఫొటోలుంటే మంచిది మేడమ్” అన్నాడట. కిందటేడు ఆమె, భర్త, నలుగురు స్నేహితులు ఒక ఫంక్షన్ హాలు రెండు గంటలకు అద్దెకు తీసుకున్నారు. పట్టుచీరా, బాసికాలూ, కొబ్బరిబోండాం అన్నీ సమకూర్చుకున్నారు. అమ్మానాన్నల స్థానంలో కూర్చోమని నాకూ మావారికీ ఫోన్ చేశారు. వెళ్లి కూర్చున్నాం.