బూజు మీద బూజు

మిరప రైతుకు ట్రైకోడెర్మా అయినవాడే. ఎండు తెగులు, వేరుకుళ్లు రాకుండా ఈ శిలీంధ్రాన్ని మాగిన పశువుల ఎరువులో కలిపి, కొన్నాళ్లు నీడన ఉంచి చేలో చల్లమని వ్యవసాయ శాఖే చెబుతుంది. దాని అన్నదమ్ములే పుట్టగొడుగుల షెడ్డులోకి చొరబడితే మాత్రం పెంపకందారు గుండె జారుతుంది. వాటి తిండే సాటి శిలీంధ్రాలు కదా! మొదట బెడ్డు మీద పుట్టగొడుగు దారాల్లాగే తెల్లగా పాకుతాయి. పచ్చబడ్డాక గానీ పోల్చుకోలేం. అప్పటికి లెక్కలేనన్ని సిద్ధబీజాలు గాలికెక్కి ఉంటాయి.

పంటా శిలీంధ్రమే, తెగులూ శిలీంధ్రమే. ఒకదాన్ని చంపి ఇంకొకదాన్ని బతికించే మందులు అందుకే బహు కొద్ది. ఉన్నవాటినీ నమ్ముకోలేం. 1985లో ఉత్తర ఐర్లండ్ బటన్ పుట్టగొడుగుల తోటల్లో మొదలైన ఈ ఆకుపచ్చ బూజు, 1990ల తొలినాళ్లలో అమెరికాలోని పెన్సిల్వేనియానూ దెబ్బతీసింది. 1994-95లో ఐర్లండ్, బ్రిటన్‌లలో సాలెగూడులా అల్లుకునే మరో బూజు చెలరేగింది. అప్పటికే అది బెంజిమిడజోల్ మందులకు చాలాచోట్ల లొంగడం మానేసింది.

మన దగ్గర ఎక్కువగా పెంచే ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగుల విషయంలో గెలుపోటములు చాలావరకు వరిగడ్డి దగ్గరే తేలిపోతాయి. కొందరు గడ్డిని వేడినీళ్లలో శుద్ధి చేస్తారు. కొందరు వంద లీటర్ల నీటికి 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మి.లీ. ఫార్మాలిన్ కలిపి 16 నుంచి 18 గంటలు నానబెడతారు. ఆ తర్వాత నీరు వార్చి ఆరబెట్టడానికే ఓపిక చాలదు. గడ్డిని గుప్పిట పట్టి పిండితే అరచేయి చెమ్మగిల్లాలి, చుక్క రాలకూడదు. నీరోడుతున్న గడ్డిని సంచుల్లో కూరితే లోపల గాలాడదు, పుట్టగొడుగు దారాలు నీరసిస్తాయి, ఆ సందున బూజు పాగా వేస్తుంది. విత్తనం నాసిరకమైనా ఇదే కథ.

ఇక షెడ్డులో తిరిగే తీరు. ముందు కొత్త బెడ్లు చూసుకుని, ఆ తర్వాతే పాతవాటి దగ్గరికి వెళ్లాలి. చాలాచోట్ల పొద్దున్నే కోతకొచ్చిన పాత బెడ్లు తడిమి, అవే చేతులతో కొత్తవాటి మీద పడతారు. మచ్చ కనబడగానే పైపు పట్టడం మరీ ప్రమాదం. నీటి తుంపర్లతోనే సిద్ధబీజాలు చెదురుతాయి. ముందు తడిగుడ్డ కప్పి, ఆ బెడ్డును మెల్లగా బయటికి తీయాలి. ఈగలకు వల కట్టాలి. మందుల దుకాణంలో వేలు పోసేవాళ్లు తలుపు దగ్గర చేతులు కడుక్కునే కుళాయికి వెనకాడటం విడ్డూరం.

కోత ముగిసిన బెడ్లను షెడ్డు వెనకాలే కుప్ప పోయడమూ మామూలే. గాలి ఇటు తిరిగిందంటే ఆ బూజంతా మళ్లీ లోపలికే. ఆ గడ్డి వర్మీకంపోస్టుకు పనికొస్తుంది కాబట్టి, దూరంగా తోలించిన ఖర్చులో కొంతైనా తిరిగి చేతికొస్తుంది.